కత్తెర కింద జ్వరం బిళ్ల

చీమకుర్తిలో క్వారీల దారిలో ఉన్న ఓ మెడికల్ షాపు. సాయంత్రం పని దిగిన కుర్రాడొకడు తువ్వాలు భుజాల చుట్టూ బిగించుకుని వచ్చాడు. "చలిజ్వరం అన్నా, రెండు పూటలకియ్యి." షాపతను మూడు రకాల స్ట్రిప్పులు తీసి, కత్తెరతో తలా రెండు బిళ్లలు కత్తిరించి పొట్లం కట్టాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క స్ట్రిప్పుతోనే ఉండిపోయింది.

ఆ పొట్లంలో మలేరియా మందు క్లోరోక్విన్ ఉన్నా, రెండు బిళ్లలతో పని కాదు. వైవాక్స్ రకం మలేరియాకి పెద్దవాళ్లకి మూడు రోజుల్లో పది బిళ్లలు పడాలి: నాలుగు, నాలుగు, రెండు. ఈ క్రిమి కాలేయంలో కూడా దాక్కుంటుంది. అక్కడున్నది చావాలంటే డాక్టరు సలహాతో ప్రిమాక్విన్ అనే ఇంకో మందు 14 రోజులు మింగాలి. రెండోరోజుకే ఒళ్లు తేలికపడిన మనిషి పద్నాలుగో రోజు దాకా మింగుతాడా? నెలల తర్వాత మళ్లీ వణుకు మొదలైతే నీళ్లు మారాయనుకుంటాడు. మలేరియాలోనే ఇంకో రకం, ఫాల్సిపేరం అయితే క్లోరోక్విన్‌ని నమ్ముకోవడమే ప్రమాదం, ఆర్టెమిసినిన్ కలిసిన మందులు కావాలి. అసలు మన ప్రకాశం జిల్లాలో మలేరియా తక్కువ. అది డెంగీ అయి, పొట్లంలో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల ఉంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

షాపతన్ని తిట్టి లాభం లేదు. పీహెచ్‌సీలో పరీక్ష ఉచితమే, కానీ వెళ్తే ఆ పూట కూలి పోతుంది. షాపు రాత్రి దాకా తెరిచే ఉంటుంది.

ఆఫ్రికాలోనూ ఇదే కథ. కెన్యాలోని కిలిఫిలో పల్లె దుకాణదారులకి ఏ వయసు పిల్లలకి ఎన్ని బిళ్లలివ్వాలో నేర్పారు. జ్వరమొచ్చిన పిల్లల్లో క్లోరోక్విన్ సరిపడా అందినవాళ్లు అంతకుముందు నూటికి నలుగురు కూడా లేరు, తర్వాత 65 మందయ్యారు. 1999లో వెలువడిన ఫలితమిది. టాంజానియా 2003లో రువుమా ప్రాంతంలో మొదలుపెట్టి, మందుల కొట్లకి శిక్షణ, తనిఖీ, గుర్తింపు కలిపి ఇచ్చింది. 2010 ప్రాంతంలో కొన్ని దేశాల్లో తయారీదారులకే సబ్సిడీ ఇచ్చి ఆర్టెమిసినిన్ మందుల ధర దించారు. మందు చౌకైంది గానీ, పరీక్ష లేకపోవడంతో మలేరియా లేనివాళ్లూ మింగారు.

మలేరియా ఉందో లేదో చుక్క రక్తంతో ఇరవై నిమిషాల్లో తేల్చే కిట్ ఉంది. ఉగాండాలో మందుల కొట్లకి ఇచ్చి చూస్తే అనవసరపు మలేరియా మందుల వాడకం బాగా తగ్గింది. చిక్కల్లా గల్లాపెట్టె దగ్గరే. నెగెటివ్ వస్తే షాపతను అమ్మేదేముంది? నన్నడిగితే పరీక్ష చేసినందుకే అతనికి నాలుగు రూపాయలు ముట్టాలి, ఫలితం ఏదైనా సరే.

కత్తెరకి విరుగుడు మన ప్రభుత్వ సరఫరాలోనే ఉంది. ఫాల్సిపేరం మందుని వయసుని బట్టి రంగుల ప్యాకుల్లో ఇస్తారు. ఏడాదిలోపు పసివాళ్లకి గులాబీ, నాలుగేళ్ల దాకా పసుపు, ఎనిమిది దాకా ఆకుపచ్చ, పద్నాలుగు దాకా ఎరుపు, ఆపైన తెలుపు. ఒక మనిషికి ఒక ప్యాకు, మూడు రోజుల మందూ అందులోనే.