మొలక వచ్చినంత మాత్రాన పాయ ఊరదు

కావలిలోని మా నర్సరీకి ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకే రకం వెల్లుల్లి కుండీ వస్తుంది. ఆకు మూరెడు పొడవున నిగనిగలాడుతూ ఉంటుంది. పీకి చూస్తే కింద పెన్సిలంత కాడ, గుప్పెడు వేళ్లు. పాయ మాత్రం ఉండదు. "ఏ ఎరువు వేయమంటారు?" అన్నది మొదటి ప్రశ్న. కిందటి ఏడాది వచ్చిన ఒక టీచరమ్మ అయితే "నాకు హస్తవాసి లేదండీ" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు.

హస్తవాసికీ దీనికీ సంబంధం లేదమ్మా అన్నాను. వంటింటి బుట్టలో తెల్లగడ్డ మొలకెత్తిందని సంక్రాంతి తర్వాత తెచ్చి కుండీలో గుచ్చారు. మొలవడానికి రెబ్బకు కాస్త తడి చాలు. పాయ ఊరి రెబ్బలుగా విడాలంటే ముందు చలి తగలాలి, ఆ తర్వాత పగటి పొద్దు పెరగాలి. చలి అందని మొక్క ఆకులు వేస్తూ పోతుంది, లేదా ఒంటి రెబ్బ పాయతో సరిపెడుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్ రైతులకు ఆ చలి ఊరికే దొరుకుతుంది. మన కోస్తాలో డిసెంబరు రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ లోటు యూరియాతో తీరదు. ఆకు ఇంకా పెరుగుతుంది, డబ్బు పోతుంది, నాలుగు నెలలూ పోతాయి. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

చలిని మనమే ఇవ్వాలి. సెప్టెంబరు చివర గట్టి పాయలు ఎంచి, విడదీయకుండా కాగితపు సంచిలో వేసి, ఫ్రిజ్ కింది అరలో ఐదారు వారాలు ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు! నవంబరు మొదటి పక్షంలో తీసి, నాటే రోజే రెబ్బలు విడదీయండి. పొట్టు తీయకుండా, మొన పైకి ఉండేలా, రెండంగుళాల లోతున, నాలుగంగుళాల ఎడంతో నాటండి. రేగడి మట్టి ఒక్కటే అయితే పాయ బిగుసుకుపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపండి. నాలుగు నెలలు దాటాక కింది ఆకులు పండుబారతాయి. అప్పుడు నీళ్లు ఆపి, రెండు వారాలకు పీకి నీడన ఆరబెట్టండి. అంగడి పాయంత వస్తుందని మాత్రం నేను మాట ఇవ్వను.

ఊటీ వెల్లుల్లి రెబ్బల లావు చూసి మురిసిపోకండి. ఆ కొండ రకాలకు మన ఎండలూ నప్పవు, మన పగటి నిడివీ చాలదు. యమునా సఫేద్, భీమా పర్పుల్ లాంటి మైదాన ప్రాంతపు రకాలు వెతకండి. ఇక ఆన్‌లైన్‌లో పొట్లాలు కట్టి అమ్మే 'వెల్లుల్లి విత్తనాల' సంగతి: సాగులో ఉన్న వెల్లుల్లి మామూలుగా గింజ కట్టదు. రెబ్బే విత్తనం. ఆ నల్ల గింజలు మొలిచినా వెల్లుల్లి రాదు.

రోజూ నీళ్లు పోయాలనేది ఇంకొక అపోహ. వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరితేనే పోయాలి. మన జిల్లాల్లో పెద్ద వానలు పడేదే నాటే కాలంలో. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వస్తోందని రెండు రోజులు టీవీలో చెబుతూనే ఉన్నారు, నేను కుండీలు చూరు కిందికి జరపడానికి బద్ధకించాను. వాన వెలిశాక రెబ్బను వేళ్లతో నొక్కితే వెన్నలా జారిపోయింది. వారం పాటు నర్సరీ అంతా కుళ్లు వాసన. మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంటారు.

మొలకెత్తిన రెబ్బ విషమా? కాదు, కాస్త చేదు, అంతే. వెల్లుల్లి ఉన్న చోటికి పురుగు రాదా? ఆ సంగతి తామర పురుగులకు ఎవరూ చెప్పినట్టు లేదు, వెల్లుల్లి ఆకు మీదే కాపురం పెడతాయి. ఒంటి రెబ్బ పాయ వస్తే పారేయకండి. దాచి వచ్చే ఏడాది నాటితే రెబ్బలున్న పాయ రావచ్చు.

టీచరమ్మను ఆ ఆకు కోసి పప్పులో వేసుకోమన్నాను. మొన్న ఫోను చేశారు. ఫ్రిజ్‌లో సంచి పెట్టారట. ఇంట్లోవాళ్లు తీసి పోపులో వేస్తారని, దాని మీద ఎర్ర స్కెచ్‌తో 'వండవద్దు' అని రాశారట.