"బెల్ట్ తీస్తేనే సెట్టవుతారు" అనేవాళ్ళకి

బరంపురంలో కౌన్సెలింగ్ చేస్తున్నా, ఇంట్లో తెలుగు బయట ఒడియా మాట్లాడే కుటుంబాలే ఎక్కువ వస్తాయి, పంతొమ్మిది ఇరవై ఏళ్ళ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది ఒకటే, "ఏటండీ మేడమ్, ఈడికి బుద్ధెప్పుడొస్తాది?"

అపోహ: పని మొదలెట్టకపోవడం, చెప్పింది మర్చిపోవడం, ఇదంతా ఒట్టి బద్ధకం.
వాస్తవం: పని మొదలెట్టడం, మధ్యలో ఫోన్ జోలికి పోకుండా ఆగడం, చెప్పింది గుర్తుపెట్టుకోవడం, ప్లాన్ తారుమారైతే సర్దుకోవడం, వీటన్నిటికీ కలిపి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అని పేరు. దీనికి ముఖ్యమైంది నుదుటి వెనకుండే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అది ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది.

అపోహ: భయం ఉంటేనే క్రమశిక్షణ.
వాస్తవం: మా తరం నాన్నలందరి డైలాగ్ ఇదే, "మా నాయన చింతబరికె తీసేవాడు, మేం బాగుపడలేదా?" 1960ల్లో డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ పెంపకాన్ని మూడు రకాలుగా చూసింది: నోరెత్తకుండా వినాల్సిందే, ఏం చేసినా సరే, రూలు రూలే కానీ ఎందుకో చెప్తా నీ మాటా వింటా. 1983లో మకోబీ, మార్టిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు నాలుగోది కలిపారు, అసలు పట్టించుకోకపోవడం. చాలా పరిశోధనల్లో మూడో రకం ఇళ్ళ పిల్లలే తమని తాము కంట్రోల్ చేసుకోవడంలో మెరుగ్గా కనిపిస్తారు. మనం స్ట్రిక్ట్ అన్న ఒక్క మాటలో రూలునీ బరికెనీ కలిపేశాం, గొడవంతా అక్కడే.

అపోహ: రెండు భాషల వల్లే కన్‌ఫ్యూజన్.
వాస్తవం: కాదు. ఇంట్లో తెలుగు మానక్కర్లేదు.

అపోహ: అయితే తప్పంతా అమ్మానాన్నలదే.
వాస్తవం: ఇదీ కాదండీ. కవలల మీద చేసిన స్టడీల్లో ఈ సామర్థ్యాల్లో వంశపారంపర్యం వాటా చాలా పెద్దదని తేలింది. పైగా ఈ వయసువాళ్ళలో పెంపకం ప్రభావం మీద చేసిన స్టడీలు చాలావరకు కాలేజీ పిల్లలు ఒకసారి నింపిన సర్వే ఫారాలే, పెంపకం వల్ల పిల్లాడలా అయ్యాడో, పిల్లాడు అన్నీ మర్చిపోతున్నాడని అమ్మ వెనకాల పడిందో వాటితో తేలదు.

అపోహ: అన్నీ మనం చూసుకుంటే వాడు హాయిగా చదువుకుంటాడు.
వాస్తవం: ఇద్దరు ముగ్గురి కథ కలిపి చెప్తున్నా, ఎవరో వెతక్కండి. కొడుకు భువనేశ్వర్ హాస్టల్లో, అమ్మ ఇక్కణ్ణుంచి రోజూ అయిదున్నరకి ఫోన్ చేసి లేపుతుంది, ఫీజు డేట్లు ఆమెకే గుర్తు, ఊరికొచ్చే ట్రైన్ టికెట్ ఆమే తీస్తుంది. ఇక వాడు ప్లానింగ్ ఎక్కడ ప్రాక్టీస్ చేస్తాడు? ముందు ఒక్క ఫోనే ఆపమన్నా, టికెట్ సంగతి తర్వాత. మొదటివారం రెండు క్లాసులు పోయాయి, వాళ్ళాయన ఫోన్ చేసి నన్ను తిట్టినంత పనిచేశాడు, ఇంకో రెండు వారాలు ఆగండని బతిమాలుకున్నా. మూడోవారం వాడే అలారం పెట్టుకున్నాడు, అదీ మూడు అలారాలు.