పచ్చడి నూరాక

మెల్లొట్రాన్ అని ఒక వాద్యం ఉంది. చూడడానికి హార్మోనియానికి పెద్దన్నలా ఉంటుంది. మెట్టు నొక్కితే లోపల ఒక టేపు ముక్క కదులుతుంది, ఎప్పుడో ఎవరో వాయించి పెట్టిన వయొలిన్ల స్వరం పలుకుతుంది. మెట్టుకొక టేపు, ఒక్కోదాని నిడివి సుమారు 8 సెకన్లు. ఆ తరువాత వేలు తీయాల్సిందే. 1969లో లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో కింగ్ క్రిమ్సన్ అనే బ్రిటిష్ రాక్ బృందం తన తొలి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'ను రికార్డు చేసినప్పుడు, బృంద సభ్యుడు ఇయన్ మెక్‌డొనాల్డ్ ఈ వాద్యాన్ని పొర మీద పొరగా వాయించాడు. అంటే ఆ వయొలిన్ల హోరు స్టూడియో టేపుకు ఎక్కేనాటికే ఒకసారి టేపు చూసి వచ్చిన ధ్వని.

చిక్కేమిటంటే, స్టూడియో యంత్రంలో ఉన్నవి 8 ట్రాకులే, అంటే టేపు మీద విడివిడిగా రికార్డు చేసుకోగల ఎనిమిది వరుసలే. డ్రమ్స్, బేస్, గిటార్, వేణువు, శాక్సొఫోన్, గొంతు, ఆపైన మెల్లొట్రాన్ పొరలు. ఎనిమిదీ నిండిపోతే, అన్నింటినీ కలిపి మరో టేపు మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దించి, మిగిలినవాటిని ఖాళీ చేసుకునేవారు. స్టూడియోల భాషలో ఇది బౌన్స్. పచ్చడి నూరడం లాంటి పని. కారం ఎక్కువైందని తెలిశాక మిరపకాయను వెనక్కి తీయలేరు. పైగా ప్రతి నకలులోనూ టేపు తన సన్నని బుసను కలుపుతుంది. ఒకే నాణ్యత గల టేపు మీదికి ఒక్కసారి దించితే చాలు, బుస శక్తి రెట్టింపవుతుంది. అంటే 3 డెసిబెల్లు పెరిగినట్టు. సింబల్స్ మెరుపు కూడా ఆ మేరకు మొద్దుబారుతుంది.

ఆ ఆల్బమ్‌కు నలభై ఏళ్లు నిండిన 2009లో, పోర్క్యుపైన్ ట్రీ బృందాన్ని స్థాపించిన స్టీవెన్ విల్సన్ దాన్ని మళ్లీ మిక్స్ చేశాడు, అంటే విడి ట్రాకులను కొత్త పాళ్లలో కలిపాడు. మామూలు స్టీరియోతో పాటు, వినేవారి చుట్టూ ఐదు స్పీకర్లు ఉండే సరౌండ్ పద్ధతిలోనూ చేశాడు. అందుకు బౌన్స్ చేయకముందు పక్కన పెట్టిన తొలి రీళ్లు పనికొచ్చాయి. ఏ రెండు టేపులూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు కాబట్టి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒకదానితో ఒకటి అడుగు కలిపేలా సరిచేయాలి. అలా చేశాక ప్రతి పొరా తొలి తరం నాణ్యతతో ఒకేసారి వినిపించింది. వాయించినవారు కూడా 1969లో ఆ పాటలను అలా వినలేదు!

రీమాస్టర్, రీమిక్స్ అనే మాటలను చాలామంది ఒకటే అనుకుంటారు. రీమాస్టర్ అంటే పూర్తయిన మిక్స్‌కే మెరుగులు దిద్దడం, నూరేసిన పచ్చడికి మళ్లీ తిరగమోత పెట్టడం. రీమిక్స్ అయితే దినుసుల దగ్గరికే తిరిగి వెళ్లడం.

సరే, దినుసులు దొరికాయి. వాటిని ఐదు స్పీకర్లకు పంచడం ఎందుకు? జవాబు మన తలలో ఉంది. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికి చేరాక రెండో చెవికి చేరడానికి పట్టే అదనపు సమయం మహా అయితే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ, దాదాపు 0.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త తేడాతోనే మెదడు దిక్కు పసిగడుతుంది. ఒకే దిక్కు నుంచి వచ్చే రెండు శబ్దాల్లో పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. దిక్కులు వేరైతే చిన్నది బతికి బయటపడుతుంది. పెళ్లి పందిట్లో బాజాల హోరు మధ్య కూడా పక్కనున్నవారి మాట అందేది కొంతవరకు ఇందువల్లనే. అందుకే సరౌండ్‌లో ఒక వేణువు వినబడాలంటే దాని ధ్వని పెంచనక్కరలేదు, చోటు మారిస్తే చాలు.

అయితే చెవికీ హద్దులున్నాయి. ఎదురుగా ఉన్న శబ్దం ఒక డిగ్రీ జరిగినా పట్టుకునే చెవి, పక్కలకు వచ్చేసరికి బాగా తడబడుతుంది. సరౌండ్‌కు వాడే 5.1 ప్రమాణంలో (ఐదు స్పీకర్లు, మంద్రధ్వనికి మరొకటి) మూడు స్పీకర్లు ముందే ఉంటాయి, మిగతా రెండు సుమారు 110 డిగ్రీల దగ్గర, కాస్త వెనుకగా. ముందు, వెనుక స్పీకర్ల నడుమ ఒక గిటార్‌ను నిలబెట్టాలని చూస్తే అది నిలవదు, ఏదో ఒక వైపు జారిపోతుంది. విల్సన్ మిక్స్‌లలో సాధారణంగా డ్రమ్స్, బేస్ ముందే ఉండి, వంత గొంతులు, కీబోర్డులు చుట్టూ పరుచుకోవడంలో ఈ వివేకం కనిపిస్తుంది. గిటార్ తల చుట్టూ ఈగలా తిరిగే మిక్స్‌లు కూడా ఉన్నాయి. మొదటిసారి ముచ్చటేస్తుంది, మూడోసారికి విసుగొస్తుంది.

నాలుగు స్పీకర్ల మోజు 1970లలోనే వచ్చింది. రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 'టైమ్' పాట మొదట్లో గణగణమనే గడియారాలను ఇంజనీరు అలన్ పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణంలో రికార్డు చేసింది అసలు క్వాడ్రఫోనిక్, అంటే నాలుగు స్పీకర్ల ధ్వని, ప్రదర్శన కోసమే. ఒకదానితో ఒకటి పొసగని మూడు నాలుగు పద్ధతులు మార్కెట్లో కొట్టుకుని ఆ మోజు చల్లారింది.

ఈ విడదీతలో పోయేదేమీ లేదా? జెత్రో టల్ బృందం ఆల్బమ్ 'ఆక్వాలంగ్' విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. 1971 నాటి ఆ మిక్స్ దుప్పటి కప్పుకున్నట్టుండేది, 2011లో విల్సన్ ఆ దుప్పటి తీసేశాడు. కింగ్ క్రిమ్సన్ దగ్గర మాత్రం మనసు ఊగుతుంది. పొరలన్నీ కరిగి ఒకే మంచుతెరగా లేచే ఆ మెల్లొట్రాన్‌కు మసకే సగం అందం. 2009 విడుదలలో పాత మిక్స్‌ను కూడా ఉంచడం మంచి పని.

నూరిన పచ్చడిని సైతం ఇప్పుడు కృత్రిమ మేధ కొంతవరకు విడదీస్తోంది. 2022లో బీటిల్స్ 'రివాల్వర్' అలాగే కొత్త మిక్స్‌కు నోచుకుంది. అయినా అసలు రీలుకు అది సాటి రాదు. ఆ రీళ్లేమో అన్నీ మిగల్లేదు. జెంటిల్ జెయింట్ బృందం తొలి మూడు ఆల్బమ్‌ల నుంచి, మల్టీట్రాక్ (విడి ట్రాకుల) టేపులు దొరికిన పాటలను మాత్రమే ఏరి 2017లో 'త్రీ పీస్ స్వీట్'గా విడుదల చేశారు. ఆ మూడింటిలోని మిగతా పాటలకు కొత్త మిక్స్ దక్కలేదు.