ఈసీఎం పోయిందన్నారా? మార్చే ముందు ఇవి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. నా దగ్గరికి వచ్చే కార్లలో చాలావాటికి అప్పటికే ఎవరో ఒకరు తీర్పు చెప్పేసి ఉంటారు: "ఈసీఎం పోయింది, మార్చాల్సిందే." ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. కొత్తది అంటే బండిని బట్టి పదుల వేలు. పైగా ఎలక్ట్రికల్ పార్టు, ఒకసారి బిగించాక షాపువాళ్లు సాధారణంగా వెనక్కి తీసుకోరు. ఆ మాటకు తల ఊపే ముందు ఏం చూడాలో, నిజంగా మార్చాల్సి వస్తే అసలు పని ఎక్కడుంటుందో చెబుతాను.

అపోహ: స్కానర్ కనెక్ట్ కావట్లేదంటే ఈసీఎం చచ్చిపోయినట్టే.

స్కానర్ అంటే బండిలోని లోపాల కోడ్‌లు చదివే మెషీను. దానికీ ఈసీఎంకీ మధ్య చాలా దారి ఉంది. స్కానర్ తగిలించడానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ రావాలి. కొన్ని కార్లలో ఆ 16వ పిన్నుకీ సిగరెట్ లైటర్‌కీ ఫ్యూజు ఒకటే. నాసిరకం ఫోన్ చార్జర్ షార్ట్ అయి ఆ ఫ్యూజు పోతే స్కానర్ అసలు వెలగదు.

ఆ తర్వాత క్యాన్ లైను, అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల జత. బ్యాటరీ టెర్మినల్ తీసి 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లకు దగ్గరగా రావాలి. లైనుకు రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిస్తే 60. మీటర్ 120 చూపిస్తే ఒక చివర తెగినట్టు, సున్నా దగ్గర ఆగితే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయినట్టు. గేట్‌వే (సాకెట్‌కీ మిగతా కంప్యూటర్లకీ మధ్య ఉండే పెట్టె) ఉన్న కొత్త కార్లలో సాకెట్ దగ్గర ఈ లెక్క కుదరకపోవచ్చు. అప్పుడు వైరింగ్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని ఈసీఎం వైపున్న క్యాన్ వైర్ల మీదే చూడాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లు స్కానర్‌కి పలుకుతూ ఈసీఎం ఒక్కటే పలకకపోతే అనుమానం కాస్త దగ్గరికి వచ్చిందంతే. దానికి కరెంటు, ఎర్త్ అందుతున్నాయా అన్నది ఇంకా తేలలేదు.

అపోహ: మీటర్ పెడితే 12 వోల్టులు వచ్చింది కాబట్టి సప్లై బాగానే ఉంది.

ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఎలుక కొరికిన వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటర్ 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాదాపు ఏ కరెంటూ లాగదు. కీ ఆన్ చేసి ఈసీఎం కరెంటు లాగడం మొదలుపెట్టగానే ఆ పోగు మీద వోల్టేజీ పడిపోతుంది. అందుకే నేను 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టి ఉంచుకుంటాను. ఈసీఎం కప్లర్ (వైర్ల ప్లగ్గు) తీసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య ఆ బల్బు పెడితే నిండుగా వెలగాలి. ఎర్రగా, నీరసంగా వెలిగితే ఈసీఎంని వదిలేసి వైరు వెతకండి. పిన్నుల్లోకి మాత్రం లావుపాటి ప్రోబ్ గుచ్చొద్దు. పిన్ను వదులైపోతే లేని జబ్బు కొత్తగా తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఎర్త్‌ని కప్లర్ పెట్టి ఉండగానే, కీ ఆన్‌లోనూ సెల్ఫ్ కొట్టేటప్పుడూ కొలవాలి. బ్యాటరీ నెగెటివ్ పోస్టుకీ ఈసీఎం ఎర్త్ పిన్నుకీ మధ్య 0.1 వోల్టు దాటితే ఆ దారిలో తుప్పో, వదులైన బోల్టో ఉంది. ఇంజిన్ దించి ఎక్కించిన బండిలో ఎర్త్ వైరు బిగించడం మర్చిపోవడం మామూలే. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కంటే కిందికి దిగుతుంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి. ఈసీఎంకి కరెంటు ఇచ్చే మెయిన్ రిలే కూడా మార్చి చూడండి, అది చాలా చవక.

అపోహ: నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు ఒకేసారి వచ్చాయి. అన్ని సెన్సార్లూ ఒకేసారి పోవు కదా, అంటే ఈసీఎం పోయినట్టే.

మొదటి సగం నిజమే, ఒకేసారి పోవు. కానీ థ్రాటిల్, మ్యాప్ (ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి), యాక్సిలరేటర్ పెడల్, ఏసీ ప్రెషర్ లాంటి సెన్సార్లకు ఈసీఎం 5 వోల్టుల సప్లై ఇస్తుంది, ఒకే లైను మీద రెండు మూడు సెన్సార్లు ఉండటం మామూలు. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా ఆ లైను మొత్తం కుంగిపోతుంది, దాని మీదున్నవన్నీ తప్పు రీడింగ్ ఇస్తాయి. ఇంజిన్‌తో పెద్దగా సంబంధం లేని ఏసీ ప్రెషర్ సెన్సార్ వల్ల బండి స్టార్ట్ కాకపోవచ్చంటే ఓనర్లు నమ్మరు.

పరీక్ష తేలిక. 5 వోల్టుల లైను మీద మీటర్ పెట్టి, కీ ఆన్‌లో సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోండి. ఏది తీయగానే 5 తిరిగి వచ్చిందో దొంగ అదే. అన్నీ తీసినా రాకపోతే వైరు ఎక్కడో బ్రాకెట్‌కి రాసుకుని బాడీకి తగులుతోందేమో చూడాలి. ఆ వైరును ఈసీఎం దగ్గర విడదీసినా పిన్ను మీద 5 రాకపోతే, సప్లై, ఎర్త్ బాగున్నాయని ముందే తేలి ఉంటే, అప్పుడు ఈసీఎంని అనుమానించడం న్యాయం.

అపోహ: పీ0606 వచ్చింది. కోడ్‌లోనే ప్రాసెసర్ అని ఉంది, ఇంకేం చూడాలి?

పీ0601, పీ0605, పీ0606 ఈసీఎం లోపలి లోపాల్ని చెప్పే కోడ్‌లే. కానీ బ్యాటరీ దిగిపోయినప్పుడో, ఎర్త్ సరిగా లేనప్పుడో కూడా ఇవి పడొచ్చు. సప్లై సరిచేసి, కోడ్ చెరిపి, బండి నడిపి చూడండి. మళ్లీ వస్తే మాట వేరు.

అపోహ: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి ఆల్టర్నేటర్ చూడొచ్చు.

పాత అంబాసిడర్ రోజుల అలవాటు. బ్యాటరీ లేని క్షణంలో ఆల్టర్నేటర్ వోల్టేజీ పదుల వోల్టులకు ఎగిరి ఈసీఎంకి తగులుతుంది. మీటర్‌తో చూస్తే చాలు, సుమారు 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి. డెంటింగ్ షాపులో వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా ముందు బ్యాటరీ తీయించండి.

అపోహ: అదే మోడల్ పాత ఈసీఎం తెచ్చి పెడితే బండి స్టార్ట్ అవుతుంది.

ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే బండిని స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కారులో సాధారణంగా అవ్వదు, లేదా రెండు సెకన్లు నడిచి ఆగిపోతుంది. మీ తాళంలోని చిప్‌నీ ఇమ్మొబిలైజర్‌నీ ఆ ఈసీఎం ఎరగదు. బయట ఒకేలా కనిపించినా పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ కలవాలి. పాతదాని మెమరీ చదివి కొత్తదానిలోకి ఎక్కించడమో, షోరూమ్ టూల్‌తో ఇమ్మొబిలైజర్‌కి జత చేయడమో జరగాలి. కాబట్టి పాత ఈసీఎం కొద్దిగా పలుకుతున్నా సరే, విప్పే ముందే అందులోని డేటా తీసి దాచుకోవాలి.

డీజిల్ కార్లకు ఇంకో పని ఉంది. చాలా కామన్ రైల్ ఇంజెక్టర్ల (ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మేవి) మీద అక్షరాలు, అంకెల కోడ్ ఉంటుంది, ఆ ఇంజెక్టర్ కొలతలో ఉన్న తేడాను ఈసీఎంకి చెప్పేది అదే. ఈసీఎం మార్చి ఆ కోడ్‌లు ఎక్కించకపోతే ఇంజిన్ వణుకుతుంది, పొగ రావచ్చు, అప్పుడు బాగున్న ఇంజెక్టర్లని నిందిస్తారు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ అయితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఎంత నిండిందన్న లెక్క కూడా రాసుకోండి. ప్రోగ్రామింగ్ చేసేంతసేపూ బ్యాటరీకి నిలకడైన చార్జర్ ఉండాలి. మధ్యలో కరెంటు పడిపోతే ఈసీఎం అక్కడే పనికిరాకుండా పోవచ్చు. ఇక పాతది కొంటే బిల్లు అడగండి. అది ఏ దొంగబండిలోంచి ఊడదీసిందో మీకు తెలియదు.

అపోహ: నీళ్లలో మునిగిన ఈసీఎం ఎండలో పెడితే చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్ వైపు మునిగిన కార్లు చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. నీళ్లు ఆరినా బురద, ఉప్పు ఉండిపోతాయి. హార్నెస్ లోపల వైరు వెంబడే పాకి నీళ్లు కప్లర్ దాకా వస్తాయి. తడి ఉండగా కరెంటు ఉంటే, ఎప్పుడూ బ్యాటరీ సప్లై ఉండే పిన్ను అన్నిటికంటే ముందు పచ్చగా చిలుము పట్టి అరిగిపోతుంది. అందుకే కీ ఆన్ చేయకుండా మొదట బ్యాటరీ నెగెటివ్ తీయండి. ఆ తర్వాతే కప్లర్లు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించండి.

అపోహ: ఈసీఎం రిపేరు కాదు.

కొన్ని కావు. సిలికాన్ జెల్‌తో పూర్తిగా నింపేసినవి తెరవడమే కష్టం, ప్రాసెసర్ పోయినదానికి డబ్బులు పెట్టడం దండగ. కానీ ఇంజెక్టర్‌నో, ఇగ్నిషన్ కాయిల్‌నో నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్ కాలిపోతే బోర్డు పని తెలిసినవాళ్లు మార్చగలరు, అప్పుడు ఇమ్మొబిలైజర్ తంటా కూడా ఉండదు. అయితే ఆ డ్రైవర్ ఊరికే కాలదు, చాలాసార్లు బయట కాయిల్ షార్ట్ అయి ఉంటుంది. రిపేరు చేసినదైనా, కొత్తదైనా బిగించే ముందు ఇంజెక్టర్ల కాయిల్ కొలవండి. మామూలు పెట్రోల్ ఇంజెక్టర్ సుమారు 12 నుంచి 16 ఓమ్‌లు చూపించాలి. ఒకటి 2, 3 చూపిస్తుంటే దాన్ని మార్చకుండా కీ తిప్పకండి.