డెక్క కొన చూసి చెప్పండి

తిరుపతి,
ఆదివారం

చి. పాపకు, చి. చిన్నోడికి తాత ఆశీస్సులు.

ఇక్కడ నేను, అవ్వ క్షేమం. మొన్న రాత్రి పదిన్నరకు చిత్తూరు నుంచి ఫోన్ మోగేసరికి అవ్వ హడలిపోయింది. ఆ వేళప్పుడు ఫోనంటే ఎవరికేమైందో అని. తీరా ఎత్తితే చిన్నోడు ఏడుపు గొంతుతో, "తాతా, చేపల ట్యాంకులో ఎండ్రకాయ ఉంది, రాయిలోంచి చెయ్యి బయటపెట్టింది" అన్నాడు. వెనకనుంచి మీ నాయన "ఆ రాయే తీసి పారేస్తా" అని అరుస్తున్నాడు. అప్పటికప్పుడు ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు రాయిని పారేయొద్దని మీ నాయనకు చెప్పండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టవుతుంది. చేపల మలం నుంచి, అవి తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాయి సందుల్లో కాపురమున్న బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. అంటే ఆ రాయే మీ ఉప్పునీళ్ల ట్యాంకుకు సగం ఫిల్టరు. దానికి లైవ్ రాక్, అంటే బతికున్న రాయి, అని పేరు రావడం కూడా అందుకే. బతికుండేది రాయి కాదు, రాయిలో ఉండేవి.

వాటితోపాటే వస్తాయి ఈ ఎండ్రకాయలు. ఇంగ్లీషులో హిచ్‌హైకర్లంటారు. మన లెక్కన టికెట్ లేకుండా బస్సెక్కినోళ్లు. వచ్చేటప్పుడు కందిగింజంత ఉంటాయి, సందులో దూరితే ఎవరికీ కనబడవు. మీ రాయి సిమెంటుతో చేసిందే గానీ చెన్నైలో ఒకాయన ట్యాంకులో రెండేళ్లు నానింది కాబట్టి అక్కడి జనాభా అంతా మీ ఇంటికొచ్చింది. పనిలో పనిగా ఒక మాట. సముద్రంలో దొరికే ఇలాంటి రాయి ఎక్కువగా పగడాలు కట్టిందే. మన దేశంలో సముద్రంలోంచి పగడాలు కొట్టి తేవడం నేరం. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. పెద్దయ్యాక మీరు ట్యాంకు పెట్టుకున్నా రాయి ఎక్కడిదని అడిగే కొనండి.

ఇక మీరడిగిన ప్రశ్న. ఎండ్రకాయ మంచిదా, చెడ్డదా?

నా సంగతి చెబుతా. నేను ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టిన రెండో ఎండాకాలం. మే నెల, తిరుపతి ఎండ మీకు తెలియంది కాదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే నారింజ రంగు క్లౌన్ చేప అడుగున పడుంది. దాని మీద ఎండ్రకాయ కూర్చుని తీరిగ్గా తుంచుకు తింటోంది. ఇంకేం సాక్ష్యం కావాలి? పట్టకారుతో పట్టి బయటేశా. నాకిప్పటికీ గుర్తు, అరచెయ్యంత కూడా లేని ఆ జీవి గచ్చు మీద పక్కకు పక్కకు నడుస్తూ గుమ్మం దాకా పోయింది. సాయంత్రానికి ఇంకో చేప తేలింది. ఈసారి ఎండ్రకాయ లేదు కదా!

అప్పుడు తట్టింది. రాత్రి మూడు గంటలసేపు కరెంటు పోయింది. ఇన్వర్టర్ కనెక్షన్ మా పడగ్గది ఫ్యానుకు ఉంది, ట్యాంకు పంపుకు లేదు. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. పంపు ఆగితే బయటి గాలీ నీళ్లలో కలవదు. చేపలు ఊపిరాడక చచ్చాయి. ఎండ్రకాయ శవాన్ని తిన్నది, అంతే. పారిశుధ్యం పని చేసేదాన్ని హంతకుడని శిక్షించా. పీత బాధలు పీతవి అంటారు, ఆ రోజు దాని బాధ నేనే.

అలాగని అన్నీ అమాయకమైనవని కాదు. తర్వాత కొన్నేళ్లకు ఇంకోటొచ్చింది. మొదట్లో అర్ధరూపాయి బిళ్లంత. ఒళ్లంతా గోధుమరంగు నూగు, పట్టకారుల్లాంటి డెక్కల కొనలు బొగ్గులో ముంచి తీసినట్టు నలుపు. దీన్ని గొరిల్లా క్రాబ్ అంటారు. పోనీలే అని వదిలేశా. ఏడాదికి నిమ్మకాయంత అయింది. పొద్దున చూస్తే దాని కలుగు ముందర నత్తగుల్లల పెంకులు, అంచులు విరిగి, వేరుశనక్కాయలు వొలిచి తొక్కలు పోసినట్టు. నాచు తినడానికని నేను డబ్బులు పోసి కొన్న నత్తలవి! బొత్తాల్లాంటి మెత్తటి పగడాలు కూడా ముడుచుకుపోయాయి, రెండు తెగిపోయాయి. ఎండ్రకాయ కొవ్వితే కలుగులో ఉండదని మా నాయన మడి గెనిమల మీద బొక్కలు పూడుస్తూ అనేవాడు. ఆ మాట ట్యాంకులోనూ నిజమే. చిన్నప్పుడు నాచు, మురికి తిని బతికేది ఒళ్లు పెరిగాక అది చాలక నత్తల మీద పడుతుంది. నిద్రపోయే చేపనూ పట్టొచ్చు.

కాబట్టి "ఎండ్రకాయ" అని ఒక్కమాటలో తీర్పు చెప్పలేం. ఎవరో చూడాలి. చూడాల్సింది ముఖ్యంగా డెక్క కొన. గరిటెలాగా లోపలికి గుంటగా ఉంటే రాయి మీద నాచు గోక్కుని తినే రకం కావచ్చు. సూదిగా, బలంగా, నల్లగా ఉంటే పెంకులు పగలగొట్టే రకమని అనుమానించాలి. కాళ్ల నిండా వెంట్రుకలుంటే అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. ఇదేం కచ్చితమైన పరీక్ష కాదు, తిరుమల కొండమీద మబ్బు చూసి వాన చెప్పినట్టు.

కొన్నిటిని మాత్రం ఇట్టే గుర్తుపట్టొచ్చు. బల్లపరుపుగా, బిళ్లలా ఉండి, నోటి దగ్గర రెండు విసనకర్రలు చాపి మడుస్తూ చాపి మడుస్తూ ఉంటే అది పోర్సలీన్ క్రాబ్. నీళ్లలో తేలే నలుసుల్ని ఆ విసనకర్రలతో జల్లెడ పట్టి నోట్లో పెట్టుకుంటుంది. ఎవరి జోలికీ పోదు. డెక్కలు కాక నడిచే కాళ్లు మూడు జతలే కనబడతాయి, అసలు ఎండ్రకాయకు నాలుగు జతలు. నిజానికి ఇది అసలు ఎండ్రకాయల వంశం కాదు, దూరపు చుట్టం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ట్రపీజియా అనే బుల్లి ఎండ్రకాయ. కొమ్మల పగడాల మధ్య జంటగా కాపురముంటుంది, గోరంత ఉంటుంది. పగడం స్రవించే కొవ్వు కలిసిన జిగురు దానికి తిండి. అద్దె కింద ఏం చేస్తుందో తెలుసా? పగడం మీద పడ్డ మట్టి తుడుస్తుంది. సముద్రంలో పగడాల్ని మేసే ముళ్ల నక్షత్రచేప ఒకటుంది, పళ్లెమంత ఉంటుంది. అది పగడం మీదికెక్కబోతే ఈ గోరంత ప్రాణి దాని పాదాల్ని గిచ్చి, ముళ్లు కొరికి వెళ్లగొడుతుంది. దీన్ని చూసి భయపడి తీసేస్తే నష్టం పగడానికే.

చిన్నోడు అడిగిన ఇంకో ప్రశ్న అవ్వ విని నవ్వింది గానీ నేను నవ్వలేదు. "పట్టి పులుసు పెట్టుకోవచ్చా?" వద్దు. ఎప్పటికీ వద్దు. 2022లో జిల్లాలు మారాక పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు భాగం మన తిరుపతి జిల్లాలోకొచ్చింది, అక్కడి ఎండ్రకాయలు సూళ్లూరుపేట బజారులో దొరుకుతాయి, మీరు తిన్నవీ అవే. పగడాల దగ్గరుండే ఎండ్రకాయలు వేరు. ఆ నల్లకొనల రకం జాంథిడ్ అనే పెద్ద కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో కొన్నిటి ఒంట్లో సాక్సిటాక్సిన్, టెట్రోడోటాక్సిన్ అనే విషాలుంటాయి. ఎంత ఉడికించినా విరగవు. తిన్న మనుషులు చనిపోయారు కూడా. ముట్టుకుంటే ఏం కాదు గానీ డెక్కకు వేలు అందిస్తే మాత్రం అది ఊరుకోదు.

పట్టాలంటే ఉపాయముంది. పొడుగాటి గాజు గ్లాసు తీసుకుని అడుగున చిన్న పచ్చి రొయ్యముక్క వేయండి. దాని మూతి అంచు రాయికి తగిలేలా ఏటవాలుగా ఆనించి లైట్లార్పి పడుకోండి. వాసనకు లోపలికి దిగుతుంది, నున్నటి గాజు మీద కాళ్లు పట్టక ఎక్కలేదు. మీ ఇంట్లో రాగి చెంబు మాత్రం ట్యాంకు ఛాయలకు రానీయకండి. రాగి ఎండ్రకాయలకు, రొయ్యలకు, నత్తలకు విషం. చేపల జబ్బుకు వాడే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది, అవి పగడాల ట్యాంకులో పొయ్యకూడదు. గ్లాసుకు లొంగకపోతే అది దూరిన రాయిని బయటికి తీసి బొక్కలోకి సిరంజితో సోడా కొట్టండి. తీపి లేని వట్టి సోడా. కలుగులో బీడీ పొగ ఊదినట్టే, పరుగెత్తుకొస్తుంది. ఈ పని మీ నాయన చేయాలి, మీరు కాదు.

పట్టాక చంపక్కర్లేదు. సంపులో వేయండి. ఇంటి కింద నీళ్ల సంపు కాదు చిన్నోడా, ట్యాంకు కింద అలమరలో ఫిల్టరుండే ఇంకో గాజు తొట్టి ఉంది చూడు, అది. అక్కడ మురికి తింటూ ఏళ్లకేళ్లు బతుకుతుంది. జాలిపడి స్వర్ణముఖిలో వదలొద్దు, మంచినీళ్లలో ఉప్పునీళ్ల ప్రాణి చస్తుంది. పులికాట్‌లోనూ వదలొద్దు, ఎక్కడి సముద్రానిదో దాన్ని మన నీళ్లలో కలపడం తప్పు.

ఒకరోజు పొద్దున అది వెల్లకిలా చచ్చిపడుందని మళ్లీ ఏడవకండి. ముందు ఎత్తి వెలుతురులో చూడండి. వీపు వెనక చీలి, లోపల ఖాళీగా, కళ్ల చోట అద్దంలా ఉంటే అది కుబుసం. పెంకు సాగదు కాబట్టి పెరగాలంటే ఎండ్రకాయ పాతదాన్ని విడవాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా ఎక్కడో దాక్కుని ఉంటుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి అందరంటే భయం దానికి.

ఇప్పుడు మీ పని. రేపు రాత్రి లైట్లార్పిన గంటకు టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడండి. ఎర్ర వెలుగు వాటికి అంతగా కనబడదు, పారిపోవు. గట్టిగా మాట్లాడొద్దు, గాజు మీద కొట్టొద్దు. విసనకర్రలున్నాయా, కాళ్లెన్ని జతలు, వెంట్రుకలున్నాయా, కలుగు ముందర నత్త పెంకులున్నాయా అన్నీ రాసుకోండి. డెక్క కొన బాగా చూడండి. మీరు పంపిన ఫోటోలో రాయి తప్ప ఏమీ తెలియలేదు, కాబట్టి పాపా, నువ్వు బొమ్మ గీసి పంపు. రంగు కూడా నువ్వే వెయ్యి, చిన్నోడికివ్వొద్దు. వాడు అన్నిటికీ నలుపే వేస్తాడు.

మీ
తాత