జావా దారిలో ఆస్ట్రేలియా

జావాకు మసాలాల కోసం పోయే డచ్ ఓడలు ఆస్ట్రేలియా ఒడ్డున ఎందుకు పగిలాయని ఒక పాఠకుడు అడిగారు. మ్యాపు చూస్తే సందేహం వచ్చి తీరుతుంది. జావా ఎక్కడ, ఆస్ట్రేలియా పడమటి తీరం ఎక్కడ!

1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ నావికుడు ఆఫ్రికా కొస దాటాక ఈశాన్యంగా తిరగకుండా ఇంకా దక్షిణానికి దిగాడు. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర పడమటి గాలులు ఎడతెగకుండా వీస్తాయి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి లేచిన గాలి 30 డిగ్రీల దగ్గర కిందికి దిగుతుంది. అందులో కొంత ధ్రువం వైపు సాగుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి దక్షిణార్ధగోళంలో ఆ గాలి ఎడమకు, అంటే తూర్పుకు ఒంగుతుంది. అక్కడ అడ్డుపడే నేల దాదాపు లేదు. తూర్పుకు వేల కిలోమీటర్లు ఆ గాలిలో పరుగెత్తి, ఆపైన ఉత్తరానికి తిరిగితే జావా. నెలల ప్రయాణం ఆదా అయింది. కొన్నేళ్లకే డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ తన ఓడలన్నిటికీ ఈ దారిని తప్పనిసరి చేసింది.

మరి ఎక్కడ తిరగాలి? చిక్కంతా ఇక్కడే. బడిలో అక్షాంశాలు, రేఖాంశాలు ఒకే రకం గీతలన్నట్టు జంటగా నేర్పేస్తాం. సముద్రం మీద ఆ రెంటికీ పోలికే లేదు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే అక్షాంశం తెలిసిపోతుంది. రేఖాంశానికి మాత్రం బయల్దేరిన చోట ఇప్పుడు టైమెంతో తెలిసి, దాన్ని ఓడ ఉన్న చోటి టైముతో పోల్చాలి. భూమి 4 నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ ఒక్క డిగ్రీ సుమారు 85 కిలోమీటర్లు. ఓడలో నమ్మదగ్గ గడియారమే లేదు.

అందుకని ముందువైపు ఒక చెక్కముక్క నీళ్లలో వేసి, అది వెనక్కి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి వేగం కట్టేవారు. కానీ అది నీటితో పోలిస్తే వేగం. ఆ నీరే ప్రవాహంగా తూర్పుకు పోతోంది! నడుస్తున్న రైల్లో పెట్టెలు దాటుకుంటూ పోయేవాడు తన అడుగులు లెక్కపెట్టి ఎంత దూరం వచ్చానో చెప్పినట్టే. చెక్కముక్క ఎంత జాగ్రత్తగా వేసినా ఈ తప్పు దొరకదు. పైగా అది ఎప్పుడూ ఒకే వైపుకు, రోజురోజుకూ పేరుకుంటుంది. ఓడ నావికుల లెక్క కన్నా తూర్పున ఉంటుంది. ఉత్తరానికి తిరిగేలోపే ఆస్ట్రేలియా తీరం ఎదురొస్తుంది.

1616లో డిర్క్ హార్టోగ్ ఇలాగే పోయి ఆస్ట్రేలియా పడమటి తీరం చూశాడు. అతని ఓడకు ఏమీ కాలేదు. 1629 జూన్ 4న తెల్లవారకముందు, ‘బటావియా’ ఓడ మీద కాపలావాడికి ముందు తెల్లగా నురగ కనిపించింది. కెప్టెన్ అది వెన్నెల అనుకున్నాడు. ఓడ ఆ తీరం దగ్గరి పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. అందులో పెట్టెల కొద్దీ వెండి ఉంది. ఆసియాలో సరుకు కొనాలంటే ఆ వెండే కావాలి. 1605లోనే డచ్చివారు మన మచిలీపట్నం చేరింది కూడా ఈ వ్యాపారానికే: వెండితో కోరమాండల్ తీరపు నూలు బట్టలు కొని, మసాలా దీవుల్లో వాటిని ఇచ్చి జాజికాయ, లవంగాలు తీసుకునేవారు.

1656లో ఇంకో డచ్ ఓడ అదే తీరంలో పగిలింది. అదే ఏడాది హాలండ్‌లో హైగెన్స్ అనే శాస్త్రవేత్త లోలకం గడియారం కనిపెట్టాడు. అప్పటికి దానంత కచ్చితమైన గడియారం ఇంకోటి లేదు, కానీ ఊగే ఓడలో లోలకం లయ నిలవదు. లోలకం బదులు స్ప్రింగుతో, చక్రంతో నడిచేలా ఇంగ్లండ్‌లో జాన్ హారిసన్ చేసిన గడియారాన్ని 1761లో బయల్దేరిన ఓడలో జమైకాకు పంపి పరీక్షించారు. 81 రోజుల్లో అది తప్పింది సుమారు 5 సెకన్లు. దూరంలో చెప్పాలంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు.