పార్సిల్ విప్పుతుంటే వీడియో ఎందుకు?

"ఓపెనింగ్ వీడియో లేకపోతే కంప్లైంట్ తీసుకోబడదు. పాజ్ చేయరాదు, కట్ చేయరాదు." వాట్సాప్ గ్రూపుల్లో చీరలు కొనేవాళ్లకు ఈ హెచ్చరిక కంఠతా వచ్చు. విజయవాడలో మా ఇంటికి చీర పార్సిల్ వస్తే మా ఆవిడ కత్తెర పట్టుకుంటుంది, నేను ఫోన్ పట్టుకుంటాను. అడ్రస్ చీటీ కనపడాలి, టేపు కోయడం కనపడాలి, మడతలు విప్పి కొంగు దాకా చూపించాలి. మా పెళ్లి వీడియో కూడా ఇంత శ్రద్ధగా తీయలేదు.

కొట్లో ఈ గొడవ లేదు. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లో గుమాస్తా ఒకదాని మీద ఒకటి చీరలు పరుస్తూనే ఉంటాడు. రంగు మీద అనుమానమొస్తే ఎండ వెలుతురులోకి పట్టుకెళ్లి చూడొచ్చు. మంగళగిరి నేతకు ఈ చూసుకోవడం మరీ అవసరం. నిజాం అంచు తప్ప ఒంట్లో పెద్ద ఆర్భాటం ఉండదు. గుంట మగ్గం మీద సందు లేకుండా ఒత్తుగా నేసిన ఆ నేతే దాని గొప్ప. అది వేళ్లకు తెలుస్తుంది, ఫొటోకి తెలియదు. అసలు నేత చీరని చెప్పడానికి 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయినా కొనేవాళ్లు ముందు చూసేది అంచు పక్కన మగ్గం వదిలిన సూది గుర్తులనే.

చూడకుండా కొనడం మాత్రం ఫోన్లతో పుట్టలేదు. మన తపాలా శాఖ వీపీపీ, అంటే డబ్బు కట్టి విడిపించుకునే పార్సిల్, మొదలుపెట్టింది 1877లో. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే చాలు, సరుకు గుమ్మంలోకి వచ్చేది. పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కట్టాకే విప్పాలి. గడియారానికి డబ్బు కడితే ఇటుక ముక్క వచ్చిందనే కథ మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పగా విన్నదే.

2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. తెలివైన పనే. పుస్తకాన్ని తడిమి చూడక్కర్లేదు. 2010లో ఇంటి దగ్గరే డబ్బు కట్టే పద్ధతి పెట్టారు, అంటే వీపీపీయే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చింది. నచ్చకపోతే కుర్రాడొచ్చి వెనక్కి పట్టుకెళ్లడమూ అలవాటైంది. రెండు సైజులు తెప్పించుకుని ఒకటి తిప్పి పంపేయడం నేర్చాం. కట్టుకుని ఫంక్షన్‌కి వెళ్లొచ్చి తిప్పి పంపినవాళ్లూ లేకపోలేదు.

2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడు డేటా చవకైంది. 2020 లాక్‌డౌన్‌లో కొట్లు మూతపడేసరికి ఇంట్లో కూర్చుని లైవ్ పెట్టి అమ్మేవాళ్లు పెరిగారు. లెక్క తిరగబడింది ఇక్కడే. వీపీపీలో సరుకు గుమ్మం దాకా వచ్చాక డబ్బు. ఇక్కడ డబ్బు వెళ్లాక సరుకు. అమ్మే ఆవిడకూ భయముంది. సింగిల్ పీస్ చీర, మరకతో తిరిగొస్తే ఎవరి మరకని తేల్చాలి? మధ్యలో పంచాయితీ చేసే పెద్ద కంపెనీ లేదు. అలా పుట్టింది ఓపెనింగ్ వీడియో.

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు లోపంతో వచ్చినా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదు. వాటిలో వీడియో ఊసే లేదు. వీడియో ఉంటే మనకే సాక్ష్యం, కాదనను. కానీ అది లేకపోతే మాటే వినమనడం, నమ్మకం బరువంతా కొన్నవాళ్ల నెత్తిన పెట్టడమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది గానీ, ఒక్క చీర కోసం ఫోన్ చేసేదెందరు?

మొన్న సంక్రాంతికి నెమలికంఠం రంగని తెప్పించాం. చేతిలో చీర ముదురు నీలం. వీడియో పంపితే అమ్మిన ఆవిడ, "రంగు కరెక్టుగానే ఉంది కదండీ" అంది. చూసుకుంటే నిజమే. మా ఫోన్‌లోనూ అది నెమలికంఠంగానే పడింది.